ఒకే మనిషి, రెండు ఫోటోలు: గోత్ పోర్ట్రెయిట్లలో నిజరూపం ఏది?

ఎడమ పక్క ఫోటోలో ఒక అమ్మాయి. లేత రంగు కుర్తా, మెడలో ఆఫీసు ఐడీ కార్డు, వెనక్కి బిగించి కట్టిన జుట్టు. కుడి పక్క ఫోటోలోనూ అదే అమ్మాయి. ముఖమంతా తెల్లటి పౌడర్, కళ్ల చుట్టూ మందంగా నలుపు, నల్ల లిప్‌స్టిక్, మెడకు బిగుతుగా నల్ల పట్టీ, వేళ్లకు ఆక్సిడైజ్డ్ ఉంగరాలు. మనుషుల రోజువారీ రూపాన్నీ గోత్ రూపాన్నీ ఇలా పక్కపక్కన పెట్టే పోర్ట్రెయిట్లు ఫోన్లలో తిరుగుతున్నాయి. చూసినవాళ్లు అడిగే ప్రశ్న ఎక్కువగా ఒక్కటే: "ఇందులో అసలు మనిషి ఎవరు?" కొందరు "ఇంత చక్కని పిల్ల ఇలా అయిపోయిందేంటి" అని బాధపడతారు. కొందరు "ఇప్పుడు కదా నువ్వు నువ్వులా ఉన్నావు" అని మెచ్చుకుంటారు.

బాధపడినా మెచ్చుకున్నా, రెండింటి కిందా ఉన్న నమ్మకం ఒకటే. ఒక ఫోటో నిజమనీ, రెండోది పైపూత అనీ. విశాఖలో పోర్ట్రెయిట్లు తీసే మనిషిగా ఈ నమ్మకం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. ఎందుకంటే ఏ ఫోటో నిజంగా అనిపించాలో చాలాసార్లు నిర్ణయించేది అందులో ఉన్న మనిషి కాదు, ఫోటో తీసిన తీరు. అది ఎలాగో తెలియాలంటే ముందు గోత్ అంటే ఏమిటో చూడాలి.

## తిట్టుగా మొదలైన పేరు

గోత్‌లు ఒకప్పటి జర్మానిక్ తెగలవాళ్లు. వారిలో విసిగోత్‌లనే శాఖ క్రీ.శ. 410లో అలారిక్ నాయకత్వంలో రోమ్ నగరాన్ని కొల్లగొట్టింది. వెయ్యేళ్లు దాటాక, 16వ శతాబ్దంలో, ఇటలీకి చెందిన చిత్రకారుడు, రచయిత జార్జో వసారి మధ్యయుగంలో కట్టిన చర్చిల శైలిని ఈసడిస్తూ దాన్ని గోత్‌లకు అంటగట్టాడు. మోటు పని, అనాగరికుల పని అని అతని ఉద్దేశం. ఆ మాటే తర్వాత, 'గోతిక్' అని, కోసుగా ఆకాశంలోకి లేచే ఆ చర్చిల నిర్మాణ శైలికి గౌరవమైన పేరుగా నిలిచిపోయింది. 1764లో ఇంగ్లండ్‌లో హోరేస్ వాల్‌పోల్ రాసిన నవల నుంచి పాడుబడ్డ కోటలు, శాపాలు, దెయ్యాల కథలకూ ఇదే పేరు వచ్చింది.

ఇప్పుడు మనం గోత్ అంటున్నది ఇంకా కొత్తది. 1970ల చివర ఇంగ్లండ్‌లో పంక్ అనే దూకుడైన రాక్ సంగీతం వేడి తగ్గుతున్నప్పుడు, దాని నుంచి నెమ్మదైన, చీకటి గల సంగీతం పుట్టింది. 1979లో బౌహౌస్ అనే బృందం తొమ్మిది నిమిషాలు దాటే పాటతో ముందుకొచ్చింది. సూక్సీ అండ్ ద బాన్‌షీస్, ద క్యూర్, లీడ్స్ నగరం నుంచి ద సిస్టర్స్ ఆఫ్ మెర్సీ లాంటి బృందాలకు ఆ రోజుల్లోనే అభిమానులు పెరిగారు. 1982లో లండన్‌లోని సోహో ప్రాంతంలో బ్యాట్‌కేవ్ అనే క్లబ్ మొదలైంది. నల్ల బట్టలు, చెదిరిన జుట్టు, పాలిపోయిన ముఖం అక్కడ ఒక గుర్తింపుగా స్థిరపడ్డాయి. అంటే ముందు పాట వచ్చింది, బట్టలు దాని వెంట వచ్చాయి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1992 నుంచి ఏటా పెద్ద గోత్ సంబరం జరుగుతోంది. బ్యాట్‌కేవ్ మొదలైన రోజుల్లో ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. వాళ్లలో ఇంకా గోత్‌లుగానే ఉన్నవాళ్లున్నారు.

ఇలాంటి గుంపును సమాజ శాస్త్రంలో సబ్‌కల్చర్ అంటారు, తెలుగులో ఉపసంస్కృతి. పెద్ద సమాజంలో ఉంటూనే తమకంటూ ఇష్టాలు, గుర్తులు, లోపలివాళ్లకే అర్థమయ్యే మర్యాదలు పెట్టుకున్న చిన్న లోకం అది. బ్రిటన్‌కు చెందిన పాల్ హాడ్కిన్సన్ తానూ ఆ లోకంలో మనిషే. అక్కడి గోత్‌ల మీద పరిశోధన చేసి 2002లో పుస్తకం ప్రచురించాడు. ఇది సీజన్‌తో పోయే ఫ్యాషన్ కాదనీ, ఒకరినొకరు గుర్తుపట్టి, ఒకరి కోసం ఒకరు ప్రయాణాలు చేసే బంధం ఇందులో ఉందనీ అతని వాదన.

ఎమో, మెటల్ అనే వేరే సంగీత శైలుల అభిమానులను కూడా చాలామంది గోత్ అనే అంటారు. నలుపు అందరిదీ, సంగీతం మాత్రం వేరు. ఎమో అమెరికా హార్డ్‌కోర్ పంక్ నుంచి వచ్చింది. మెటల్‌కు వేరే వంశం ఉంది.

## కట్టుబొట్టు అంటే ఒక తీర్పు, వేషం అంటే ఇంకో తీర్పు

ఈ విషయంలో మన తెలుగు మాటలే ముందుగా ఒక పక్షం తీసుకున్నాయి. రోజూ ఒంటి మీద ఉండేదాన్ని కట్టుబొట్టు అంటాం. ఆ మాటలో మర్యాద, పెంపకం, ఇంటి పరువు అన్నీ ఉన్నాయి. దానికి భిన్నంగా ఏది కనబడినా వేషం అంటాం. వేషం అంటే నటన కోసం కట్టుకునేది అని ఒక అర్థం, మోసం అని ఇంకో అర్థం. "ఏంట్రా ఈ వేషం?" అని అడిగే తండ్రి బట్టల గురించి సమాచారం అడగడం లేదు. "వేషాలేయకు" అంటే నటించకు అని. కాబట్టి ఒక అబ్బాయి నల్ల లిప్‌స్టిక్‌తో గది నుంచి హాల్లోకి వచ్చేసరికి, అతను నోరు తెరవకముందే అతనిది అబద్ధం అని మన భాష తేల్చేసి ఉంటుంది.

కానీ మన చుట్టూ జాగ్రత్తగా చూస్తే ఈ గీత నిలవదు. కార్తీకం వస్తే ద్వారకా బస్ స్టేషన్‌లో, పోర్టు గేటు దగ్గర, కలెక్టరేట్‌లో ఎంతమంది నల్లబట్టల్లో కనబడతారో విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. నలభై ఒక్క రోజుల అయ్యప్ప దీక్ష. గడ్డం పెరుగుతుంది, కాళ్లకు చెప్పులుండవు, మెడలో మాల ఉంటుంది. నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచిన మనిషిని ఇవాళ ఆఫీసులో అందరూ "స్వామీ" అని పిలుస్తారు. ఎవరూ వేషం అనరు. పెళ్లిలో నలుపు కట్టుకుంటే వద్దనే పెద్దవాళ్లే ఈ నలుపుకు దారి ఇస్తారు. రంగు అదే. అది ఏ గుంపు గుర్తు, ఆ గుంపును మనం గుర్తించామా అన్నదే తేడా. దీక్ష భక్తి, గోత్ ఒక ఇష్టం. రెండూ ఒకటని నేను అనడం లేదు. బట్టను బట్టి మనిషిని మనం చదివే పద్ధతి ఎంత త్వరగా మారగలదో చెప్పడానికే ఈ ఉదాహరణ.

అవతలి వైపు నుంచి కూడా చూడండి. పెళ్లిచూపులకు పంపే ఫోటో ఉంటుంది. అమ్మ చీర, పిన్ని నెక్లెసు, అద్దెకు తెచ్చిన లైట్లు, ఎడిటింగ్‌లో రెండు ఛాయలు పెరిగిన రంగు. స్టూడియోలో "గడ్డం కొంచెం కిందికమ్మా, నవ్వు" అని చెబితే నవ్విన నవ్వు. ఆ ఫోటోలోని అమ్మాయి జీవితంలో ఎన్నడూ అలా ఉండదు. అయినా దాన్ని వేషం అనం.

పైగా విశాఖ యూనిఫారాల ఊరు. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉంది. తెల్ల యూనిఫారంలో నేవీ వాళ్లు, హెల్మెట్లతో షిప్‌యార్డ్ వాళ్లు, స్టీల్ ప్లాంట్ షిఫ్టు బస్సుల్లో దిగేవాళ్లు, కేజీహెచ్ ఆసుపత్రి చుట్టూ తెల్లకోట్ల మెడికోలు, రుషికొండ ఐటీ హిల్ మీద ఐడీ కార్డు తాళ్లు. రోజువారీ రూపం అని మనం అనుకునేదాన్ని చాలామందికి వేరెవరో నిర్ణయించారు. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సమాజ శాస్త్రవేత్త 1950లలోనే రోజువారీ బతుకును నాటకరంగంతో పోల్చాడు. మనుషులకు జనం ముందు ఒక వేదిక ఉంటుంది, దాని వెనక తెరచాటు చోటు ఉంటుంది అన్నాడు. ఆ లెక్కన ఐడీ కార్డు కూడా అలంకరణే. ఉంగరమూ అలంకరణే.

## రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టడం వెనక ఉన్న చరిత్ర

ఈ విషయంలో నేను ఎక్కువసేపు ఆగాలనుకునే చోటు ఇది. ఒకే మనిషివి రెండు ఫోటోలు పక్కన పెట్టగానే మన కన్ను పోలుస్తుంది. ఎడమ నుంచి కుడికి చదివే అలవాటు కాబట్టి ఎడమది "ముందు", కుడిది "తర్వాత" అవుతుంది. ఈ అలవాటు మనకు బరువు తగ్గించే ప్రకటనలతో రాలేదు. దానికి చాలా ముందే వచ్చింది.

అమెరికాలో 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఆదివాసీ పిల్లల కోసం ఒక ప్రభుత్వ వసతి పాఠశాల తెరిచారు. పిల్లల భాష, జుట్టు, బట్టలు మార్చి "నాగరికులను" చేయడం దాని లక్ష్యం. టామ్ టోర్లినో అనే నవాహో యువకుడు 1882లో అక్కడ చేరాడు. చేరినప్పుడు తీసిన ఫోటో, మూడేళ్ల తర్వాత కోటు వేసి జుట్టు కత్తిరించి తీసిన ఫోటో పక్కపక్కన అచ్చువేసి ప్రచారం చేశారు. రెండో ఫోటోలో అతని చర్మం కూడా బాగా తెల్లగా కనబడుతుంది. చదువు మనిషి రంగును మార్చలేదు. లైటింగ్, ప్రింటింగ్ మార్చాయి. ఆ జంట ఫోటోను చూసినవారికి ఒక వాదన వినిపించింది. ఆ వాదన చేసింది ఫోటోగ్రాఫరూ పాఠశాలా. టోర్లినో చేయలేదు.

అదే కాలంలో, 1880లలో, పారిస్ పోలీసు శాఖలో అల్ఫోన్స్ బెర్టియాన్ నేరస్తులను ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీసే పద్ధతిని స్థిరపరిచాడు. భారతదేశంలో బ్రిటిష్ పాలకులు 1868 నుంచి 1875 మధ్య కులాలు, తెగల ఫోటోలతో ఎనిమిది సంపుటాలు అచ్చువేశారు. ఫోటో కింద పేరు బదులు కులం, ఆ కులం స్వభావం ఇలాంటిది అనే వ్యాఖ్య. మనిషిని నమూనాగా మార్చే చూపు అది. బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్. 2000ల తొలి ఏళ్లలో ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి ఇలాంటి పాత చిత్రాలను తానే ఆ పాత్రల్లో నిలబడి మళ్లీ తీశారు. ఆ చూపునే మనకు తిప్పి చూపించారు.

పోర్ట్రెయిట్‌కు ఇంకో వంశం కూడా ఉంది, అది నాకు ప్రాణం. ఆఫ్రికాలోని మాలి రాజధాని బమాకోలో సేదు కేటా 1948లో స్టూడియో తెరిచాడు. వచ్చినవాళ్లకు కోట్లు, చేతి గడియారాలు, రేడియో, స్కూటర్ వరకు అక్కడే ఇచ్చేవాడు. వాళ్లు తాము కావాలనుకున్న మనిషిలా నిలబడేవారు. ఆ ఫోటోల ముందు నిలబడితే "వీళ్లది కాని కోటు కదా" అని ఎవరికీ అనిపించదు. మనిషి తనను తాను తయారు చేసుకుంటున్న క్షణంలా ఉంటాయి అవి. మన ఊళ్లలో పాత స్టూడియోల్లో తాజ్‌మహల్ తెర ముందు, బుల్లెట్ బండి మీద ఫోటోలు దిగినవాళ్లు చేసిందీ అదే.

గోత్ జంట ఫోటో ఈ రెండు వంశాల మధ్య నిలబడి ఉంది. ఏ వైపు ఒరుగుతుందో తీసేవారి చేతిలో ఉంది.

## ఒక ఉదాహరణ: ఒకే రోజు, రెండు ఫోటోలు, నాలుగు రెట్ల తేడా

ఊహించుకుందాం. ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నలతో ఉంటూ ఐటీ కంపెనీలో పనిచేసే ఇరవై ఆరేళ్ల అమ్మాయి. శనివారాలు స్నేహితురాలి మేడ మీద గదిలో గోత్‌గా తయారవుతుంది. ఫోటోగ్రాఫర్ ఆమెవి రెండు ఫోటోలు తీయాలనుకున్నాడు.

మొదటి పద్ధతి, చాలామంది చేసేది. రోజువారీ ఫోటో ఆర్కే బీచ్‌లో ఉదయం. మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రం మీద లేస్తాడు. మే నెలలో ఐదున్నర లోపే ముఖం మీద బంగారు రంగు పడుతుంది. గోత్ ఫోటో సాయంత్రం. అప్పటికి సూర్యుడు ఊరి వెనక కొండల వైపు దిగిపోయి ఉంటాడు, బీచ్ అంతా నీలి నీడలో ఉంటుంది. ఉదయం ఫోటోలో "కొంచెం నవ్వండి" అన్నాడు. సాయంత్రం "సీరియస్‌గా చూడండి" అన్నాడు. ఉదయం 85 ఎంఎం లెన్స్‌తో రెండు మీటర్ల దూరం నుంచి తీశాడు. సాయంత్రం ఫోన్‌తో మూరెడు దూరం నుంచి తీశాడు. దగ్గర నుంచి తీస్తే ముక్కు, నుదురు పెద్దవిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా కనబడతాయి. ముఖం ఆకారమే మారుతుంది. ఇప్పుడు రెండూ పక్కన పెడితే ఒకటి వెలుగు, ఒకటి చీకటి. చూసినవాళ్లు "ఈ అమ్మాయికి ఏమైంది" అని అడుగుతారు. ఆమెకు ఏమీ కాలేదు. సూర్యుడు పడమటికి వెళ్లాడు, లెన్స్ మారింది, ఫోటోగ్రాఫర్ మాట మారింది.

అన్నీ ఒకేలా ఉంచినా ఇంకో చిక్కు ఉంది. కెమెరాలోని మీటర్, తాను చూసేది సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందని అనుకుని వెలుగు లెక్కగడుతుంది. వన్ టౌన్‌లో పాత ఇంటి వరండా అనుకోండి, నీడలో సమానమైన వెలుగు. అక్కడ ఆమె ముఖానికి సరైన షట్టర్ వేగం, అంటే కెమెరా వెలుగును లోపలికి వదిలే సమయం, సెకనులో 125వ వంతు అనుకుందాం.

తెల్ల సున్నపు గోడ ముందు తెల్ల కుర్తాతో నిలబెడితే ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా "బాబోయ్, ఎక్కువ వెలుగు" అనుకుని 250వ వంతుకు వెళ్తుంది. ముఖం మీద సగం వెలుగే నమోదవుతుంది, చామనఛాయ నల్లబడుతుంది. నల్ల తెర ముందు నల్ల బట్టలతో నిలబెడితే అదే కెమెరా "చాలా చీకటి" అనుకుని 60వ వంతుకు దిగుతుంది. ముఖం మీద రెండింతల వెలుగు పడి, తెల్ల పౌడర్ వేసిన బుగ్గల్లో వివరమంతా పోతుంది, నల్ల బట్ట బూడిద రంగుకు తిరుగుతుంది. మనిషి అదే, వరండా అదే. రెండు ఫోటోల మధ్య ముఖం మీద వెలుగు మాత్రం నాలుగు రెట్లు తేడా. ముఖాన్ని గుర్తించే కొత్త ఫోన్లు దీన్ని కొంత సరిచేస్తాయి, పూర్తిగా కాదు. కార్లైల్ ఫోటోల్లో జరిగినదానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదని, ఆటో మోడ్ చాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో పద్ధతి ఇంకోలా ఉంటుంది. ఒకే వరండా, ఒకే గోడ, ఒకే గంట. వెలుగు ఒకసారి ముఖం దగ్గర కొలిచి మాన్యువల్‌లో 125 దగ్గర కట్టేస్తాడు. లెన్స్, దూరం మార్చడు. నీడ వైపు ఒక థర్మాకోల్ షీట్ పెడతాడు. కళ్ల చుట్టూ నలుపున్నప్పుడు కంటిపాపలో వెలుగు చుక్క లేకపోతే కళ్లు రెండు గుంటల్లా కనబడతాయి, ఆ చుక్క కోసం. నవ్వమనీ చెప్పడు, వద్దనీ చెప్పడు. రోజువారీ ఫోటో ముందు తీస్తాడు. మేకప్ తుడిచాక తీస్తే చర్మం ఎర్రబడి, కళ్ల అంచుల్లో నలుపు మిగిలి, అలసిన ముఖమే రోజువారీ ముఖం అయిపోతుంది. విశాఖ ఉక్కపోతలో పౌడర్ నిలవడం కూడా కష్టమే. పదిహేను నిమిషాల్లో చెమట గీతలు పడతాయి. కొందరు వాటిని తుడిచేస్తారు. నేనైతే ఉంచమంటాను. సముద్రం పక్కన గోత్‌గా ఉండటం అంటే అదే.

ఇలా తీసిన జంటలో తేడా తగ్గి పోలిక పెరుగుతుంది. రెండు ఫోటోల్లోనూ ఎడమ భుజం కొంచెం వంగి ఉంటుంది. రెండింటిలోనూ బొటనవేలితో ఉంగరాన్ని తిప్పుతూ ఉంటుంది. మొదటి పద్ధతిలో ఈ చేతిని ఎవరూ చూసి ఉండరు.

## తెల్ల పౌడర్, చామనఛాయ

దీని గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు. పాలిపోయిన ముఖం అనే గోత్ గుర్తు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. అక్కడ దానికి శవం, చందమామ, పాత మూకీ సినిమాల భయానక పాత్రలు లాంటి అర్థాలున్నాయి. మన దగ్గర తెల్లదనానికి వేరే అర్థం ఉంది. "పిల్ల రంగు తక్కువ" అనే మాటతో పెరిగిన అమ్మాయి ముఖానికి తెల్లరంగు వేసుకుంటే, చూసే బంధువుకు అది ఫెయిర్‌నెస్ క్రీమ్‌కు చుట్టంలా కనబడుతుంది.

రెంటికీ తేడా ఉందనేది ఒక వాదన. క్రీమ్ పుట్టు రంగులా నటిస్తుంది. గోత్ పౌడర్ తాను రంగునని దాచుకోదు, మెడ దగ్గర ఆగిపోయిన గీత కూడా కనబడుతుంది. రెండో వాదన ఏమిటంటే, ఉద్దేశం ఏదైనా తెలుపే అందం అనే కొలత మళ్లీ గెలుస్తోందని. అందుకే నల్లజాతి, దక్షిణాసియా గోత్‌లలో పౌడర్ మానేసి తమ చర్మం రంగు మీదే నలుపు, ముదురు ఎరుపు వాడేవాళ్లు ఉన్నారు. కాటుక, ఆక్సిడైజ్డ్ నగలు, నల్ల కాటన్ చీర మనకు కొత్తవి కావు. వెల్వెట్ కోటు ఉక్కపోతకు పనికిరాదు కూడా. నాకు రెండో దారి మీద మక్కువ ఎక్కువ. కానీ పౌడర్ వేసుకున్నవాళ్లకు దాని అర్థం నేను చెప్పలేను, అది వాళ్లను అడగాలి.

## నిజరూపం గురించి మూడు వాదనలు

మొదటి వాదన ప్రకారం రోజువారీదే నిజం. వారంలో ఆరు రోజులు ఉండే రూపం, అమ్మానాన్నలు ఎరిగిన రూపం, బతుకుతెరువు ఇచ్చే రూపం. గోత్ అనేది వేరే దేశం నుంచి ఫోన్‌లో దిగిన ముచ్చట, వయసుతో పోతుంది. ఇందులో కొంత నిజం ఉంది. చాలామంది విషయంలో అది పోతుంది కూడా. అయితే క్రికెట్, జీన్స్, పంజాబీ డ్రెస్ కూడా బయటినుంచే వచ్చాయి. పుట్టిన చోటును బట్టి ఒక ఇష్టం నిజమో కాదో తేల్చలేం.

రెండో వాదన దీనికి తలకిందులు. గోత్ రూపమే నిజం, ఐడీ కార్డు ముసుగు. ఎంచుకున్నది కాబట్టి అదే సొంతం. ఆ లోకంలోని కుర్రవాళ్లు ఎక్కువగా ఇలాగే మాట్లాడతారు, ఫోటోగ్రాఫర్లకు కూడా ఈ కథ ఇష్టం. కానీ అదే అమ్మాయి ఆఫీసులో ఒక క్లిష్టమైన బగ్ సరిచేసి సంతోషించినప్పుడు ఆ సంతోషం ముసుగుదా? రోజూ నాన్నకు మాత్రలు తీసిచ్చే చెయ్యి ముసుగుదా?

మూడో వాదనకు సింహాచలం దగ్గరికి రావాలి. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయ నాడే నిజరూప దర్శనం ఇస్తాడు. మిగతా రోజులన్నీ చందనం పూతలోనే ఉంటాడు. ఆ ఒక్క రోజు కోసం కొండ కింద క్యూలైన్లు ఎంత దూరం సాగుతాయో మనకు తెలుసు. కానీ మిగతా రోజుల్లో మొక్కు తీర్చుకునేవాళ్లెవరూ తాము చందనానికి మొక్కుతున్నామని అనుకోరు. పూతలో ఉన్నదీ స్వామే, పూత తీస్తే కనబడేదీ స్వామే. దేవుణ్ణి మనిషితో పోల్చడం నా ఉద్దేశం కాదు. నిజరూపం అనే మాటను ఇంత దగ్గరగా ఎరిగిన ఊళ్లోనే, రెండు రూపాలూ నిజం కావడం అనే ఆలోచన కూడా పాతుకుని ఉందని చెప్పడమే. ఈ వాదన ప్రకారం జంట ఫోటోను "ఏది" అని అడగకూడదు. ఒక రూపం నుంచి ఇంకో రూపానికి ఆ మనిషి ఎలా వెళ్తుంది, అప్పుడు తనతో ఏది తీసుకెళ్తుంది అని అడగాలి. అద్దం ముందు సగం కన్ను దిద్దుకుని, టేబుల్ మీద ఐడీ కార్డు పక్కన ఐలైనర్ మూత పెట్టి ఉన్న మూడో ఫోటో ఒకటి ఉంటే, నాకు ఆ రెంటికన్నా అదే ఎక్కువ చెబుతుంది.

## ఇంట్లోవాళ్ల భయం, వీధిలో ఉన్న ప్రమాదం

తల్లిదండ్రుల టెన్షన్‌ను కొట్టిపారేయడం తప్పు. చావు, చీకటి గుర్తులు పిల్లల ఒంటి మీద కనబడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. దీని మీద పరిశోధన జరిగింది. గ్లాస్గోలోని పరిశోధకులు 2006లో, బ్రిటన్‌లోనే మరో బృందం 2015లో ప్రచురించిన అధ్యయనాలు రెండూ, తమను గోత్‌లుగా చెప్పుకున్న టీనేజర్లలో తమకు తాము హాని చేసుకోవడం ఎక్కువగా ఉందని చూపాయి. రెండో అధ్యయనంలో డిప్రెషన్ కూడా ఎక్కువగా కనబడింది. అయితే గోత్ కావడం వల్లే అలా జరిగిందని ఆ పరిశోధకులే అనలేదు. అప్పటికే ఒంటరితనంతో, బెదిరింపులతో నలిగిన పిల్లలు, తమను అర్థం చేసుకునే గుంపు కోసం అక్కడికి చేరడం కూడా అంతే సాధ్యం. ఈ రెండు దారులూ ఫోటోలో ఒకేలా కనబడతాయి. ఫోటోను చూసి జబ్బును గుర్తుపట్టలేం.

ప్రమాదం అవతలి వైపు నుంచి కూడా వచ్చింది. 1999లో అమెరికాలోని కొలంబైన్ పాఠశాలలో కాల్పులు జరిగాక పత్రికలు కాల్పులు జరిపిన ఇద్దరు కుర్రవాళ్లను గోత్‌లుగా రాశాయి. వాళ్లు గోత్‌లు కారు. ఆ ముద్ర మాత్రం నల్లబట్టలు వేసిన పిల్లలందరి మీదా పడింది. 2007 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బేకప్ అనే ఊళ్లో, పార్కులో, సోఫీ లాంకస్టర్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి మీద, ఆమె స్నేహితుడి మీద కుర్రవాళ్ల గుంపు దాడి చేసింది. గోత్‌గా కనబడటమే కారణం. పదమూడు రోజుల తర్వాత ఆమె చనిపోయింది. 2013లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇలాంటి ఉపసంస్కృతుల వారిపై దాడులను ద్వేష నేరాలుగా నమోదు చేయడం మొదలుపెట్టారు.

## ఫోటో ఎవరి గోడ మీద ఉంటుంది

అందుకే చివరి చిక్కు ఫోటో బయటికి వెళ్లాక మొదలవుతుంది. జంట ఫోటో రెండు జీవితాలను ఒకే ఫ్రేములో కలిపేస్తుంది. శనివారం మేడ మీద గదిని సోమవారం మేనేజరు చూడగలిగేలా చేస్తుంది. విడివిడిగా ఉన్నప్పుడు ఏ ఒక్కటీ ఎవరికీ ప్రమాదం కాదు. కలిపినప్పుడు పెళ్లి సంబంధం, ఉద్యోగం, అద్దె ఇల్లు అన్నీ అందులోకి వస్తాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో చెప్పింది. కానీ వాట్సాప్ గ్రూపులో తిరిగే స్క్రీన్‌షాట్‌ను ఆ తీర్పు వెనక్కి తేలేదు.

మన ఉదాహరణలోని అమ్మాయి దగ్గరికే తిరిగి వద్దాం. పద్ధతి తెలిసిన ఫోటోగ్రాఫర్ ఆమెను ఒకే "సరే" అడగడు. గ్యాలరీ గోడ మీద పెట్టడానికి ఒకటి, అచ్చులో వేయడానికి ఒకటి, ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఒకటి, రెండూ కలిపి చూపడానికి ఇంకొకటి విడివిడిగా అడుగుతాడు. ఆమె మూడింటికి ఒప్పుకుని, ఆన్‌లైన్ దగ్గర ఆగింది అనుకుందాం. గోత్ ఫోటో ఒక్కటే, పేరు లేకుండా పెట్టమంది. ఐడీ కార్డు ఉన్న ఫోటో ఆంధ్రా యూనివర్సిటీ దగ్గర ఒక చిన్న ప్రదర్శనలో మాత్రం, గోత్ ఫోటో పక్కనే, అదే ఎత్తులో, అదే సైజులో వేలాడుతుంది. ఏది ఎడమ, ఏది కుడి అన్నది కూడా ఆమెనే అడిగారు. ఆమె గోత్ ఫోటోను ఎడమన పెట్టమంది.